తీపి చేసిన మాటలు

టీచరు స్వయంగా ఇంటికొస్తోందంటే ఎవరికో కీడు మూడినట్టేనని పక్కింటి సామ్రాజ్యం వీధంతా చెప్పిందట. ఆ ఇల్లు తనదేనని, మిరపకాయల తొడాలు తీస్తున్న నాగరత్తమ్మకు గుమ్మంలో హిమజ టీచరును చూశాకే తెలిసింది.

"మీ పాప మోక్షను గురుకులం పరీక్షకు పంపొద్దమ్మా. పిల్లకు ఇంకా చదవడమే రాదు."

"అదేందమ్మా! నాలుగేళ్ళనుంచీ రోజూ సాయంత్రం ఫోన్లో పిల్లను బంగారుతల్లి అంటుంటిరిగా?"

"అది నేను కాదు, నా గొంతుతో మాట్లాడే బడి మిషను. నేనేం చెప్పినా మీరు నొచ్చుకోకుండా తీపి చేసి వినిపిస్తుంది."

"ఆ సంగతి మీకు తెలుసా?"

"మొదట్నుంచీ తెలుసు. గొడవల్లేకుండా సాగిపోతోందిగా అనుకున్నాను."

నాగరత్తమ్మ ఒళ్ళోని కాయలు దులిపి లేచింది.

"బడికీ మా ఇంటికీ మధ్య ఒక్క వీధేగా టీచరమ్మా! నాలుగేళ్ళూ మీకు కాళ్ళు రాలేదా?"