వీరవేణి చెవిలో లెక్క

ఆత్రేయపురంలోకి సిరల వైద్యం బండి ప్రతి గురువారం వస్తుంది. మణికట్టు దగ్గర సూది గుచ్చితే చాలు, సేమియా ముక్కంత గొట్టం తనంతట తానే ఈదుకుంటూ పోయి, చెవి వెనక ఇరుకైన సిరను విప్పి అక్కడే కూర్చుంటుంది. ఊళ్లో చాలామందికి చెవిలో హోరు అలాగే పోయింది. వీరవేణి మాత్రం మూడేళ్లుగా బండిని తప్పించుకు తిరుగుతోంది.

కారణం పూతరేకులు. కాలిన కుండ మీద పిండిలో ముంచిన గుడ్డ పరిచి తీశాక, గుండెతోపాటు చెవిలో కొట్టే హోరు రెండుసార్లు వినబడగానే ఆమె రేకు ఎత్తుతుంది. ముప్పై ఏళ్లుగా అదే లెక్క.

"మీ పాత స్కాన్‌లో ప్రాణభయం ఏం లేదండి. గొట్టం వద్దంటే అలా వదిలేయొచ్చండి," అంది ఈ గురువారం ఇంటికే వచ్చిన బండి నర్సు కిరణ్మయి. "కానీ నిద్ర పట్టట్లేదంటున్నారు గదండి."

"నిద్ర లేకపోయినా బతుకుతానమ్మా. రేకు రాకపోతే ఎలాగ?"

చివరికి నిద్రే గెలిచింది. గొట్టం వేయించుకుని హాయిగా పడుకుంది.

మర్నాడు పొద్దున్న మొదటి రేకు మాడింది. రెండోది పచ్చిగా చినిగింది. మూడోదానికి గుడ్డ పరిచి తీసి, ఎప్పుడెత్తాలో తోచక, కుండకేసి చూస్తూ ఊరికే కూర్చుంది.

"చెవి ఎలా ఉందండి?" అంటూ, ఆమెను చూసి వెళ్దామని ఊళ్లోనే ఆగిన కిరణ్మయి గుమ్మంలోకి వచ్చింది.

వీరవేణి చెయ్యెత్తి ఆగమంది. కుండ మీద రేకు అంచు సన్నగా గలగలమంటూ లేస్తోంది. వేలు తగిలించగానే మొత్తం ఊడి చేతిలోకి వచ్చేసింది.

"ఇన్నాళ్లూ ఇది పిలుస్తూనే ఉందమ్మా," అంది మెల్లగా. "ఆ హోరులో నాకే వినబళ్లేదు."