గంటన్నరకో బొట్టు

“నిజం చెప్పమ్మా. పంపు మధ్యలో తీసేస్తున్నావా?” రిపోర్టు బల్ల మీద పెట్టి అడిగింది డాక్టరమ్మ.

“లేదు మేడమ్. స్నానానికి కూడా ప్లాస్టిక్ కవరు చుట్టుకునే వెళ్తున్నాను,” అంది కోడలు, నడుముకు కట్టిన అగ్గిపెట్టెంత మందు పంపును తడుముకుంటూ. మూడు నెలలుగా అది ఆమె ఒంటిమీదే ఉంది.

“మరి గుణం కనపడదేం?” అందుకుంది అత్తగారు. “మావాడు ఊరందరి నీళ్ల మోటార్లూ బాగుచేస్తాడు. వాడింట్లో మాత్రం ఉయ్యాల ఊగదు. ఏం రాతో ఏమో.”

కోడలు తల దించుకుంది. పెళ్లయి తొమ్మిదేళ్లు. ఇలాంటి మాటలకు జవాబంటూ ఉంటే ఏ కోడలో ఈపాటికి చెప్పే ఉండేది.

“ఊరుకో అమ్మా,” అన్నాడు భర్త. “అది ఒక్క నిమిషం కూడా తీయలేదు మేడమ్. రోజూ నేనే చూస్తున్నాను.”

డాక్టరమ్మ నిట్టూర్చింది. “మందు లెక్కా సరిపోయింది. మెదడు గంటన్నరకోసారి ఒక్క బొట్టు హార్మోను వదలాలి. అది తగిలితేనే కింది గ్రంథిలో కణాలు మేలుకుని అండాశయానికి కబురంపుతాయి. ఈవిడ మెదడు ఆ పని మరిచిపోయింది. అందుకే ఈ పంపు పెట్టాం. అయినా ఆ కణాలు ఉలకవు, పలకవు.”

“పోనీ, అదే మందు సన్నగా, మధ్యలో ఆపకుండా ఇస్తే?” భర్త గొంతు సవరించుకుని అడిగాడు.

“అసలుకే ఎసరు. తలుపు ఆగి ఆగి కొడితే ఎవరో ఒకరు తీస్తారు. పొద్దస్తమానం బాదుతుంటే చెవుల్లో దూది పెట్టుకుంటారు. కణాలూ అంతే.”

అతని చూపు భార్య నడుముకున్న పంపు మీద పడింది.

“ఇక లాభం లేదమ్మా. ఉన్నది ఒక్కటే పంపు. మీ గడువు ఇవాళ్టితో సరి. బయట ఇంకొకావిడ కూర్చుని ఉంది,” అంది డాక్టరమ్మ.

కోడలు పంపు విప్పి రెండు చేతులతో బల్ల మీద పెట్టింది. “తప్పు నా ఒంటిదే మేడమ్. ఆవిడకైనా కలిసిరానివ్వండి,” అని ఇక ఆపుకోలేక ఏడ్చేసింది. అత్తగారు కూడా పమిట కళ్లకద్దుకుంది.

భర్తకు భార్య మొహం చూసే ధైర్యం చాల్లేదు.

ఆగి ఆగి నడుస్తోందని మొదటి రోజే ఆ పంపును బాగుచేసింది అతనే.