ఎదురుబల్ల మీద మనిషి

ఆ ఉదయం ఆకాశం కొండ మీదికి దిగి కూర్చుంది. కురవలేదు. తేటపడనూ లేదు.

బాంబూఫ్లాట్ జెట్టీలో ఫెర్రీ ఎక్కుతున్న ముగ్గురిలో పింకీ ఒక్కతే నవ్వుతోంది. ఒంటి మీద కొత్త గౌను. పోర్ట్ బ్లెయిర్‌లో ఊయల, ఐస్‌క్రీమ్. ఆ తర్వాత జంగ్లీఘాట్‌లో కామమ్మమ్మ ఇంట్లో భోజనం.

ఆ ఇంటికి ఇంకెవరు వస్తున్నారో పిల్లకి చెప్పలేదు.

సునామీ అయి మూడేళ్లు దాటింది. కొడుకుని సముద్రానికి ఇచ్చేసి శిబిరంలో మాటాపలుకూ లేకుండా కూర్చున్న వీరన్న భార్య బుల్లెమ్మ ఒళ్లో ఈ పిల్లని పెట్టింది కామమ్మే. అక్కడ వంటలు చేసేది ఆవిడ. అప్పటికి పిల్లకి రెండేళ్లుంటాయేమో. ఏ ఓడ తెచ్చి దింపిందో, ఏ దీవి పిల్లో ఎవరూ చెప్పలేకపోయారు.

ఇన్నాళ్లకి పిల్ల సంగతి ఎవరివల్లో తెలిసి, దక్షిణాన చివరి దీవిలోని క్యాంప్‌బెల్ బే నుంచి గణేశ్వరరావు అనే అతను కామమ్మకి కబురు పెట్టాడు. నీళ్లు తీశాక భార్య శవం దొరికిందట. కూతురు మాత్రం ఎన్ని శిబిరాలు తిరిగినా కనపడలేదట. ఈ మధ్యాహ్నం ఓడ దిగి, కామమ్మ ఇంట్లో పిల్లని చూస్తాడు.

తన బిడ్డే అయితే తీసుకుపోతాడు.

ఫెర్రీలో ఎదురుబల్ల మీద ఒక మనిషి కూర్చున్నాడు. ఎండకి మాడిన ఒళ్లు, నలిగిన చొక్కా. కళ్లు పింకీ మీదే ఉన్నాయి.

"నామ్ క్యా హై బేటా?"

"పింకీ."

"మమ్మీ మార్తీ హై క్యా?"

"మార్తీ హై. ఫిర్ ఖుద్ రోతీ హై."

కొట్టి, తర్వాత అమ్మే ఏడుస్తుందని పిల్ల చెబితే ఆ మనిషి నవ్వబోయి ఆగిపోయాడు. పింకీ చేపలు చూడ్డానికి అంచు కడ్డీల దగ్గరికి పరిగెత్తింది.

ఎవరి గురించైనా వాళ్ల ఎదురుగానే మాట్లాడుకోవాలంటే వీరన్నకీ బుల్లెమ్మకీ తెలుగే చాటు.

"ఎవడే వీడు? కూలికొచ్చిన రాంచీవాడిలా ఉన్నాడు. పిల్లని మింగేసేలా చూస్తన్నాడు," అన్నాడు వీరన్న.

"వాడి గోల నాకెందుకు మావా? నా గోల నాది." బుల్లెమ్మ గొంతు తగ్గించలేదు. "ఒకణ్ణి సముద్రం పట్టుకుపోయింది. దీన్ని మనిషొచ్చి పట్టుకుపోతాడు. అదే జరిగితే తిరుగు ఫెర్రీలో నువ్వొక్కడివే ఇంటికెళ్తావు. చెప్తన్నా."

"పిచ్చిమాటలాడకు. కన్నతండ్రి అడిగితే ఏటని కాదంటాం?"

"మూడేళ్లూ ఏ గంగలో ఉన్నాడు కన్నతండ్రి? పక్క తడిపిందా, తిందా, దగ్గిందా, ఒక్క పూట చూశాడా? ఇప్పుడొచ్చి నాదంటే అయిపోద్దా?"

ఎదురుబల్ల మనిషి నీళ్లకేసి తిరిగాడు.

అవతలి ఒడ్డున చాథం జెట్టీ దగ్గర పడుతుంటే అతను లేచి వచ్చి, పింకీ చేతిలో బిస్కెట్ ప్యాకెట్ పెట్టాడు. బుల్లెమ్మ దాన్ని లాక్కుని సముద్రంలోకి విసిరింది.

"చలో, హటో!" వీరన్న కసిరాడు.

"గల్తీ హో గయీ, భయ్యా."

తప్పయిపోయిందని చేతులు జోడించి, దిగేవాళ్లలో కలిసిపోయాడు.

పార్కులో పింకీ ఊయల ఊగింది. ఐస్‌క్రీమ్ కొత్త గౌను మీద కార్చుకుని, తప్పు చేసినదానిలా తల్లి వైపు చూసింది. బుల్లెమ్మ కొంగుతో తుడిచింది.

"మమ్మీ, ఇవాళ కొట్టవేంటి?"

బుల్లెమ్మ మొహం పక్కకి తిప్పుకుంది.

జంగ్లీఘాట్ సందులోకి తిరిగాక ఆమె నిలబడిపోయింది. వీరన్నే చెయ్యి పట్టుకుని నడిపించాడు. కామమ్మ గుమ్మంలోనే నిలబడి ఉంది.

"రాండి. ఆయన వచ్చి వెళ్లిపోయాడు."

"అదేటి పిన్నీ? ఓడ మధ్యాహ్నం గదా?" అన్నాడు వీరన్న.

"నిన్నే వచ్చేసిందంట. పిల్లని చూసుకున్నానమ్మా, నా బిడ్డ కాదు, అని ఒక్క మాట చెప్పి పోయాడు. ఇంక మళ్లీ రాడంట."

బుల్లెమ్మ గుమ్మంలోనే కూలబడి పింకీని పొట్టకి అదుముకుంది. ఏడుస్తోందో నవ్వుతోందో ఆమెకే తెలియలేదు.

వీరన్నకి మాత్రం ఏదో తట్టింది.

"చూసుకున్నాడా? ఎక్కడ?"

"మీ ఇల్లెలా ఉందో చూద్దామని పొద్దున్నే బాంబూఫ్లాట్ వెళ్లాడంట. తిరిగి మీ ఫెర్రీలోనే వచ్చాడు. మీ ఎదురుగానే కూర్చున్నాడంట గదా?"

"ఆ రాంచీవాడా?"

"రాంచీవాడేటి? టెక్కలి కాడ మనిషి. నీకంటే మంచి తెలుగు మాట్లాడతాడు."

బుల్లెమ్మ చేతులు పింకీ మీద బిగుసుకున్నాయి. వీరన్న చెప్పులు విప్పడం మరిచిపోయి అలాగే నిలబడ్డాడు.

"పోన్లే," అన్నాడు చివరికి, ఎవరితోనో చెబుతున్నట్టు. "కాదన్నాడు గదా. తన బిడ్డయితే ఎందుకు వదిలేస్తాడు?"

కామమ్మ లోపలికి నడిచింది. చాప పరిచి నాలుగు కంచాలు పెట్టింది. వీరన్నకీ బుల్లెమ్మకీ రొయ్యల కూర వేసింది.

పింకీకి వద్దని బుల్లెమ్మ అనబోయింది. ఒకసారి రొయ్య తిని పిల్లకి ప్రాణం మీదికొచ్చింది. ఆ సంగతి తమ ఇద్దరికి తప్ప ఎవరికీ తెలియదు.

అప్పటికే కామమ్మ పిల్ల కంచంలో పప్పు వేస్తోంది.

"తెలుసులేవే," అంది తలెత్తకుండా. "రొయ్య తగిల్తే ఈ పిల్లకి మొహమంతా వాచిపోద్దంట. పెట్టొద్దని వాళ్లకి చెప్పమ్మా అని, సందు చివరి దాకా వెళ్లినోడు వెనక్కొచ్చి మరీ చెప్పాడు."

పింకీ ఒక్కొక్కరి మొహమే చూసి, తనూ వాళ్లతో పాటు తల వంచుకుని తినసాగింది.