హమూదీ చేతులు కడుక్కుంటే

తిరుపాలమ్మ సెలవు హమూదీ చేతుల్లో ఉంది. మాటవరసకు కాదు, నిజంగానే. ఈ పూట నాష్టాకు ముందు, ఎవరూ చెప్పకుండా ఆ రెండు చేతులూ సబ్బుతో కడిగితే ఆమె రాయచోటికి పోతుంది. కడగకపోతే లేదు.

ఆ షరతు మామాది. అంటే అరబ్బు దేశంలో, బ్నీద్ అల్ గార్ పేటలో తిరుపాలమ్మ పనిచేసే ఇంటి యజమానురాలిది, హమూదీ తల్లిది.

"మనవరాలు చిట్టికి నెలలు నిండినాయి మామా. తల్లి లేని పిల్ల. కాన్పుకు నేను పక్కన లేకుంటే యెట్ల?" అని వారం కిందట అడిగింది తిరుపాలమ్మ.

"నువ్వు పోతే హమూదీని ఎవరు చూస్తారు?" అంది మామా. "ఈ నెలలో రెండుసార్లు కడుపునొప్పి. చెయ్యి కడుక్కోకుండా తింటాడు. వాడంతట వాడు కడుక్కున్న రోజున చెప్పు, టికెట్ కొనిస్తా."

ఆమె మాటలోనూ న్యాయముంది. హమూదీ బుద్ధిమంతుడే. చదువులో ఎప్పుడూ ముందే. కానీ కుళాయి దాకా నడవడానికి బద్ధకం. మట్టి, పిల్లి, కారు చక్రం, పట్టుకోని వస్తువు లేదు. తెల్ల అంగీకి చేతులు తుడిస్తే ఖలాస్, శుభ్రమైపోయినట్టే. ఉతికేది తిరుపాలమ్మ కదా.

అందుకే వారం రోజులుగా తర్ఫీదు.

"అరచేయి, ఎనకపక్క, యేళ్ల సందులు, గోళ్లు. ఇరవై లెక్కబెట్టాల. సగంలో ఆపితే కుదరదు," అని రోజూ చెప్పేది. హమూదీ బుద్ధిగా తలూపేవాడు. మరునాటికి మామూలే.

ఈ రోజే ఆఖరి అవకాశం. మామా రేపు ఉమ్రా యాత్రకు పోతోంది. పైగా హమూదీ బడికి పోవాల్సిన రోజు. అక్కడ పరిశుభ్రతా వారోత్సవం. అందరి ముందూ వేదికెక్కి చేతులు కడుక్కోవడం గురించి నాలుగు మాటలు చెప్పాలి. నిన్నంతా కాగితం పట్టుకుని వల్లె వేయడమే సరిపోయింది.

మామా బల్ల దగ్గర కూర్చుని కళ్లు గుమ్మానికి అప్పగించింది. హమూదీ వాకిట్లోంచి వచ్చాడు. చంకలో చెత్తకుండీ దగ్గర తిరిగే పిల్లి. దాన్ని దించి, కుర్చీ లాక్కుని, నేరుగా ఖుబ్బూస్ రొట్టె మీదికి చెయ్యి చాచాడు.

నోరు తెరిచి చెబితే సెలవు పోయినట్టే. తిరుపాలమ్మ మామా కుర్చీ వెనక నిలబడి దగ్గింది. హమూదీ తలెత్తలేదు. ఇంకాస్త గట్టిగా దగ్గింది.

"మందు వేసుకో," అంది మామా వెనక్కి తిరక్కుండానే.

ఆ మాటకు హమూదీ తలెత్తాడు. తిరుపాలమ్మ గాల్లో చేతులు రుద్దింది. గోళ్లు గీకి చూపించింది. అప్పటికీ అర్థం కానట్టు చూస్తుంటే, తన పొట్ట ముందు పెద్ద కుండంత గుండ్రంగా చేతులు తిప్పి చిట్టిని గుర్తు చేసింది.

రొట్టె పళ్లెంలో పడింది. హమూదీ లేచి కుళాయి దగ్గరికి పరుగెత్తాడు. నురగ మోచేతుల దాకా పాకింది.

"ఒగటి, రొండు, మూడు..." చిన్నప్పుడు తిరుపాలమ్మ దగ్గర నేర్చుకున్న తెలుగులోనే, ఆమె యాసలోనే, ఇరవై దాకా ఒక్క అంకె వదల్లేదు.

మామా కొడుకు వేళ్లు అటూ ఇటూ తిప్పి చూసింది. గోళ్లు కూడా చూసింది. తర్వాత తిరుపాలమ్మ వైపు తిరిగింది.

"గురువారానికి టికెట్ చెయ్యిస్తా. రెండు నెలలు ఉండిరా. దగ్గు తగ్గిందా?"

తిరుపాలమ్మ ఏడుస్తూనే నవ్వింది. అంత సంతోషం ఆమెకు ఈ మధ్య కలగలేదు.

బయట డ్రైవర్ మునాఫ్ హారన్ కొట్టాడు. ఆమె కాగితం, చేతిరుమాలు తెచ్చి హమూదీ చేతిలో పెట్టింది.

"చెప్పాల్సిందంతా గుర్తుండాదా నాయనా?"

"ఉంది తిరుపా."

"దావలో యేమీ కొనుక్కోని తినాకు."

అలాగేనని తలూపి, తల్లి చేత నుదుటి మీద ముద్దు పెట్టించుకుని, నెరుస్తున్న గడ్డం దువ్వుకుంటూ, నాలుగొందల మంది పిల్లలకు ఆరోగ్య పాఠం చెప్పడానికి కారెక్కారు ముప్పై తొమ్మిదేళ్ల డాక్టర్ గారు.