వారం రోజుల నడక

"వారం దాకా వీటిని విప్పకూడదు, థోరా ఆంటీ. నిద్రలో కూడా!" నర్సు ఐలీ ఆమె రెండు కాళ్ళకీ చెరో పట్టీ బిగించింది. నడిచినా, కూర్చున్నా, తూలినా అన్నీ వాటికి తెలిసిపోతాయి.

"ఈ వయసులో నాకు కాళ్ళకి నగలేమిటే పిల్లా!" అంది థోరా.

మల్టిపుల్ స్క్లెరోసిస్ అనే నరాల జబ్బు. వాళ్ళుండే ఆర్క్నీ దీవుల్లో ఆ పేరు చెబితే ఎవరూ అర్థం అడగరు. ఎవరి చుట్టాల్లోనో ఒకరికి ఉంటుంది. కొత్త మందు మొదలుపెట్టాక థోరా చేతుల వణుకు తగ్గింది. తన తిండి తానే తింటోంది. కానీ పెద్దాసుపత్రి వాళ్ళకి చేతులతో పనిలేదు. నడక బాగుంటేనే మందు ఇస్తారట, లేకపోతే ఆపేస్తారట.

ఐలీ వెళ్ళగానే కూతురు మెర్రన్ తల్లి ముందు కూర్చుంది. "ఒక్క వారం నడవవే అమ్మా! నీకు దణ్ణం పెడతాను."

"కాళ్ళు నా మాట వింటే కదే."

మళ్ళీ స్పూనుతో అమ్మకి తినిపించాల్సిన రోజులు గుర్తొచ్చి మెర్రన్‌కి ఏడుపొచ్చింది.

వారం గడిచాక ఐలీ పడవ దిగి వచ్చి థోరా కాళ్ళకున్న పట్టీలు విప్పింది. "ఏంటాంటీ, ఇంత బురద! పొలం దున్నారా?"

"రోజూ ఆవుల కొట్టం దాకా నడిపించాను," అంది మెర్రన్ గబగబా. థోరా కిటికీలోంచి సముద్రం చూస్తూ కూర్చుంది.

తర్వాతి వారం డాక్టరు ఫోన్ చేశాడు. మెర్రన్ అందుకుంది.

"ఆశ్చర్యంగా ఉందమ్మా, మీ అమ్మగారు రోజంతా తిరుగుతూనే ఉన్నారు! మందు ఆపం."

మెర్రన్‌కి పోయిన ప్రాణం లేచొచ్చింది.

"కానీ ఒక సంగతి. సాయంత్రమయ్యేసరికి ఎడమ పాదం ఈడుస్తున్నారు. రోజురోజుకీ ఎక్కువవుతోంది. ఇది అలసట కాదు, జబ్బు ముదురుతున్న లక్షణమే. వెంటనే స్కాన్ తీయాలి, తీసుకురండి."

మెర్రన్ ఫోన్ పెట్టేసింది.

"ఏమన్నాడే?" అంది థోరా ఆత్రంగా.

"మందు ఆపరటమ్మా."

"బతికించావే తల్లీ!" థోరా కూతురి చేతులు పట్టుకుని కళ్ళకద్దుకుంది.

ఐలీ కట్టి వెళ్ళిన సాయంత్రం నుంచి తిరిగొచ్చే పొద్దుటి దాకా ఆ పట్టీలు ఉన్నది మెర్రన్ కాళ్ళకి.