చూపు నేర్పే మాస్టారు

మాస్టారి ఆన్‌లైన్ ఫోటోగ్రఫీ క్లాసులో చివరికి మిగిలింది ఒకే ఒక్క విద్యార్థిని.

మొదట్లో చాలామందే చేరారు. కెమెరా ఎలా పట్టుకోవాలో చెప్పడానికే మాస్టారు వారం పొడుగునా ఊదరగొట్టేసరికి ఒక్కొక్కరే మెల్లగా జారుకున్నారు. ఈవిడ మాత్రం అంటిపెట్టుకుని ఉండిపోయింది. పేరు దగ్గర ‘చిగురు’ అని పెట్టుకుంది. మొహం చూపించదు. మైకు పాడైందట, ఏదడగాలన్నా టైపు చేస్తుంది. అయితేనేం, ఫీజు ముందే కట్టేసింది. అది అందిన రోజున మాస్టారు ఆ డబ్బంతా తెచ్చి భార్య చేతిలో పోసి మీసం మెలేశాడు.

“చూశావా! నా విద్యకీ విలువుంది.”

“మంచిదేనండీ. మరి మా తమ్ముడికి ఏం చెప్పమంటారు?”

తమ్ముడంటే టైర్ల షాపు బావమరిది. ఈ క్లాసు కాస్తా ఎత్తిపోతే, సోమవారం నుంచి బావగారు తన షాపు కౌంటర్లో కూర్చోవాల్సిందేనని ఖాయం చేసేశాడు. టైర్ల మాటెత్తితే చాలు, మాస్టారు మాట మార్చేసేవాడు.

“చివరి క్లాసు కానీవే. నా శిష్యురాలు ఒక్కటంటే ఒక్క మంచి ఫోటో తీసిందా, దాన్నే ప్రకటనలో వేసి కొత్త బ్యాచ్ మొదలెడతా. తియ్యలేదా, నేను మాస్టార్నే కాదు. నోరు మూసుకుని టైర్లు దొర్లించుకుంటా.”

“ఫోటో తియ్యడం అంత కష్టమా?”

“నీకెలా చెప్పాలే! కెమెరా ఎవడైనా కొంటాడు. చూపుండాలి, చూపు! ఎదురుగా ఉన్నదాన్ని చూడగలగాలి.”

భార్య కొంగు నోటికడ్డం పెట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది. ఇంట్లో ఉండేది ఇద్దరే. అయినా క్లాసు వేళకి మాస్టారు గది తలుపు దగ్గరగా వేసుకునేవాడు, అదేదో రాచకార్యమైనట్టు.

చిగురు ప్రశ్నలు వేసీ వేసీ ప్రాణం తీసేది.

“ట్రైపాడ్ ఏది కొనమంటారండీ?”

“ఏదీ కొనకండి. గుడ్డసంచీలో బియ్యం పోసి మూతి కట్టండి. దాని మీద కెమెరా ఆనిస్తే కదిలితే ఒట్టు.”

“మరి లెన్సు?”

“సెకండ్‌హ్యాండ్‌ది చాలు. కొనేముందు లోపలికి టార్చి వేసి చూడండి, బూజు పట్టిందేమో. డబ్బులు పారబోసుకోకండి. లైబ్రరీకి వెళ్ళి పాత ఫోటోల పుస్తకాలు తిరగెయ్యండి. నెట్‌లో ఉచిత పాఠాలు బోలెడున్నాయి. కానీ అవేవీ చూపు నేర్పవు. అందుకు నేనున్నాను.”

ఆవిడ ఫోటోలు పంపడం మొదలుపెట్టింది. మొదటిది ఒక కిటికీ.

“వెలుగు బాగా పట్టారు. కానీ ఆ దుమ్ము చూడండి! ఆ ఇంటి మగాడు ఒళ్ళు వంచే రకం కాదనుకుంటా.”

“నిజమేనండీ” అని వచ్చింది.

తర్వాతది చెప్పుల జత. మాస్టారికి హుషారొచ్చింది. “ఎడమ మడమ అరిగిపోయింది, చూశారా? ఈయన కాలు ఈడ్చుకుంటూ నడుస్తాడు. పిసినారి కూడా. కొత్తవి కొనుక్కోమని చెప్పండి, పాపం.”

“చెప్పి చెప్పి నోరు నొప్పెట్టిందండీ. వినరు.”

మాస్టారికి జాలేసింది. ఇలాంటి మొగుడితో ఆవిడ ఎలా వేగుతోందో! చివరి క్లాసుకి పని ఒప్పజెప్పాడు. “మీకు బాగా దగ్గరి మనిషిని తియ్యండి. ఆ మనిషికి తెలియకూడదు. మొహం కనిపించక్కర్లేదు, మనిషి కనిపించాలి.”

ఆ రోజు రానే వచ్చింది. మాస్టారు చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, కంప్యూటర్ ముందు గోళ్ళు కొరుక్కుంటూ కూర్చున్నాడు. భార్య ఎప్పుడొచ్చి టీ పెట్టి వెళ్ళిందో కూడా తెలీదు. చిగురు జాడ లేదు. ఇక టైర్లే గతి అనుకుని ఆయన నీరుగారిపోతుండగా తెర మీద అక్షరాలు మెదిలాయి.

“ఆలస్యమైంది, ఏమనుకోకండి. ఇప్పుడే తీశాను.”

నలుపు తెలుపు ఫోటో. ఎవరో మగమనిషి వీపు. చుట్టూరా చీకటి. ఎదుటి నుంచి వచ్చే సన్నటి వెలుగు భుజాల అంచులకి మాత్రం అంటింది. వంగిపోయిన ఆ మెడలో ఎంత దిగులో! పక్కన కూర్చుని వీపు నిమరాలనిపించేలా ఉంది. మాస్టారికి కళ్ళు చెమర్చాయి. వెంటనే బావమరిదికి ఫోన్ కొట్టాడు.

“ఒరేయ్, నేను రావట్లేదు. నీ కౌంటర్లో ఇంకెవర్నైనా చూసుకో. నేను నిజంగా మాస్టార్నేరా!”

ఫోన్ పెట్టేసి ఫోటోని పెద్దది చేసి చూశాడు. అంతే, నవ్వాగలేదు.

“అద్భుతం తల్లీ! ఆయనంటే మీకెంత ప్రేమో ఆ వీపే చెబుతోంది. కానీ ఎంత పరధ్యానం మనిషండీ! చొక్కా తిరగేసి తొడుక్కున్నాడు. మెడ దగ్గర లేబులు బయటికే ఉంది. మీరైనా చెప్పకూడదూ?”

“ఆయనే చూసుకుంటారేమోనని ఆగానండీ.”

పొట్ట చెక్కలయ్యేలా నవ్వుతూ మెడ వెనక గోక్కోబోయిన మాస్టారి వేళ్ళకి లేబులు తగిలింది.