పనసచెట్టు మీద మైకు

పాట మళ్లీ మొదలైంది. లైన్‌మేన్ సింహాచలం పుస్తకం మూసి మంచం మీదికి విసిరేశాడు.

ముంచింగిపుట్టుకి బదిలీ మీద వచ్చి ఎనిమిది రోజులైంది. రోజుకి ఒకటి రెండుసార్లు ఇదే వరస. పోనీ, వేరే పాటా అంటే అదీ కాదు. అరిగిపోయిన క్యాసెట్టులో ఎవరో హీరోయిన్ వానలో తడుస్తూ పాడే ఆ ఒక్క పాటే. అతని క్వార్టరు గట్టు మీద ఉంది. కింద రోడ్డు పక్కన ఎలీయేజరు మైకుసెట్ల దుకాణం. పనసచెట్టుకి కట్టిన మైకు నోరు ఊరివైపు కాదు, సరిగ్గా సింహాచలం కిటికీవైపే తిప్పి ఉంది. కొత్తగా వచ్చినవాడంటే ఇంత లోకువా అని అతనికి ఒళ్లు మండిపోయింది.

వచ్చే ఆదివారమే విశాఖపట్నంలో శాఖాపరీక్ష. గట్టెక్కితే లైన్ ఇన్‌స్పెక్టరై కొండ దిగిపోవచ్చు. తప్పితే ఇంకో మూడేళ్లు ఈ చలిలో రగ్గు కప్పుకుని కూర్చోవాలి. పొద్దుటినుంచీ కిటికీ వెలుతురులో 'వినియోగదారుల ఫిర్యాదులు, సిబ్బంది బాధ్యతలు' అన్న పాఠం పట్టుకుని కూర్చున్నాడు. ఒక్క ముక్క బుర్రకెక్కితే ఒట్టు.

అసలు ఈ ఊళ్లో ఆ పాఠంతో పనేలేదు. ఇక్కడి జనం దేవుళ్లు. ఎనిమిది రోజుల్లో కరెంటు పోయిందని ఒక్కడూ వచ్చి తలుపు కొట్టలేదు. మైదానంలో అయితే ఈపాటికి ఊరు ఊరంతా వాకిట్లో నిలబడి అతని ఏడుతరాలనూ తలుచుకునేది. ఇంతమంది మంచివాళ్లలో ఈ ఎలీయేజరు ఒక్కడే ఎలా చెడబుట్టాడో.

వెళ్లి మర్యాదగా అడగొచ్చు. కానీ చేతిలో విద్య ఉండగా నోటికి పని చెప్పడమెందుకు? సింహాచలం గట్టు దిగి, ట్రాన్స్‌ఫార్మరు పెట్టె తెరిచి, ఆ వీధి ఫ్యూజు లాగేశాడు.

పాట టక్కున ఆగింది.

వెనక్కి తిరిగితే పిండిమర ముందు చోళ్ల గంపతో కూర్చున్న సోములమ్మ కనిపించింది. మనవరాలి పెళ్లిమాటలకి మర్నాడు చుట్టాలు వస్తున్నారట, పిండి ఆడించుకోవాలి. అయ్యో, ముసలమ్మ పని చెడగొట్టానే అని అతనికి మనసు చివుక్కుమంది. ఆమె తిట్టలేదు సరికదా, లేచి వచ్చి నాలుగు అరటిపళ్లు చేతిలో పెట్టింది.

"బేగి వచ్చినావు నాయనా. సల్లగుండు."

ముసలమ్మకి కూడా ఆ పాట పీకలదాకా వచ్చిందన్నమాట. సింహాచలం గర్వంగా గట్టెక్కి, అరటిపళ్లు తిని, పుస్తకం తెరిచాడు. పేజీ తిరగకముందే పాట.

దొంగవెధవ ఇంకో లైనునుంచి తీగ తగిలించుకున్నాడనుకున్నాడు. ఈసారి నిచ్చెన తీసుకుని వెళ్లి దుకాణం ముందున్న స్తంభానికి ఆనించాడు. ఇంకా రెండో మెట్టు ఎక్కకముందే పాట ఆగింది. భయం ఉంటే మంచిదే. అయినా వదలకుండా ఎక్కి, దుకాణానికి వెళ్లే తీగ కత్తిరించేశాడు. కింద నిచ్చెన జారకుండా పట్టుకున్నది ఎవరా అని చూస్తే ఎలీయేజరే. సిగ్గూ శరం లేని మనిషి, పైగా నవ్వుతున్నాడు. సింహాచలం వాడి మొహం చూడకుండా నిచ్చెన భుజాన వేసుకుని వెళ్లిపోయాడు.

అరగంటకి మళ్లీ అదే హీరోయిన్, అదే వాన.

ఇంక తాడో పేడో తేల్చుకోవాల్సిందే. ఊరి చివరికి వెళ్లి మొత్తం ఊరికి కరెంటు వచ్చే స్విచ్చే దించేశాడు. అతను రోడ్డెక్కగానే పాట ఆగింది. తిరిగొచ్చి తలుపు వేసుకోగానే మొదలైంది. ఈసారి రెండు మైకుల్లో.

సింహాచలం చెప్పులైనా వేసుకోకుండా దుకాణంలోకి దూసుకుపోయాడు. ఎలీయేజరు లేచి నిలబడి, పాట ఆపి, కుర్చీ తుడిచి వేశాడు. గుమ్మంలో సోములమ్మ, వెనక సగం వీధి. అందరి మొహాల్లోనూ అదేదో ఆశ.

"ఊరంతా కరెంటు తీసేశాను. ఏటితో వాయిస్తన్నావయ్యా ఇది?"

ఎలీయేజరు బల్లకింద లారీ బ్యాటరీ చూపించాడు. "దీంతోనండి. పొద్దుట పదింటికి కరెంటు పోయింది గదా. మూడుమాట్లు మీరొచ్చి సూసినా రాలేదంటే పెద్ద రిపేరే అనుకున్నాం బాబూ."

పొద్దుట పదింటికి. అంటే సింహాచలం ఫ్యూజు లాగకముందే. "కరెంటు పోతే నువ్వు పాటెందుకు పెడతావు?"

ఎలీయేజరు తెల్లబోయాడు. పాత లైన్‌మేన్ గారు చెప్పలేదా అని అడిగాడు. ఆయనకి జనం గట్టెక్కి తలుపు కొడితే కోపమట. కరెంటు పోతే ఈ పాట పెట్టండి, వినగానే దిగివస్తానన్నారట. మైకు కిటికీవైపు తిప్పి కట్టించింది కూడా ఆయనేనట.

సింహాచలం బయట పనసచెట్టు మీది మైకుకేసి చూశాడు. ఆ చూపు చూసి ఎలీయేజరు చేతులు కట్టుకున్నాడు.

"మీకు ఈ పాట నచ్చనట్టుంది. ఏ పాట ఇట్టమో సెప్పండి బాబూ, రేపట్నుంచి అదే పెడతాం."